మన ముసలోళ్ల బరువు ఎవరు చూస్తున్నారు?

ఒక చిన్న ప్రశ్న. మీ ఇంట్లో తాతకో మామ్మకో చివరిసారి బరువు ఎప్పుడు చూశారు? గుర్తు రావడం లేదు కదా. తప్పు మీ ఒక్కరిదే కాదు. పసిపిల్లలకు అంగన్‌వాడీలో బరువు చూస్తారు, గర్భిణికి చూసి కార్డు మీద రాస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఆడవాళ్లకు 15 నుంచి 49 ఏళ్ల వరకు, మగవాళ్లకు 15 నుంచి 54 ఏళ్ల వరకే ఎత్తూ బరువూ కొలుస్తుంది. ఆ వయసు దాటిన మనిషి చిక్కిపోయినా ఆ లెక్కలో పడడు.

పెద్ద వయసు వాళ్ల కోసమే విడిగా చేసిన లాసీ సర్వే (2017–18)లో 60 దాటిన వారిలో దాదాపు 27 శాతం మంది ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్నారని తేలింది. అది దేశమంతటి సగటు. మన గూడేల లెక్క మనమే తీసుకోవాలి.

సబ్బవరం సంగతి చూడండి. ఇది ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఏజెన్సీ మండలాలు అల్లూరి జిల్లాలోకి, సబ్బవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. పని కోసం కొండ దిగి ఇటుక బట్టీలకూ, బిల్డింగ్ పనులకూ వచ్చే మన కుటుంబాలకు ఇక్కడ ఐటీడీఏ లేదు. వెంట వచ్చిన ముసలోళ్లు షెడ్డులో పిల్లల్ని చూసుకుంటూ ఉంటారు. కొండమీద ఉండిపోయినవాళ్లు ఒంటరిగా ఉంటారు. ఇద్దరినీ అడగండి, ఒకటే మాట చెప్తారు: "ఏటి తింతాం బాబూ, ఇంత అన్నం, ఇంత చారు."

ఆ అన్నం లెక్క కూడా వేద్దాం. రేషన్‌లో మనిషికి నెలకు 5 కిలోల బియ్యం. అంటే రోజుకు 165 గ్రాములు, దాదాపు 580 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. 45 కిలోల బరువున్న మనిషికి రోజుకు 37 గ్రాముల ప్రొటీన్ కావాలి. మూడో వంతే అందుతోంది. వయసు పెరిగితే ఆకలి తగ్గుతుంది, పళ్లు ఊడతాయి, కండ కరుగుతుంది. ప్రొటీన్ అవసరం మాత్రం తగ్గదు. ఒకప్పుడు చోడి అంబలి, సామలు, కందులు, చిక్కుడు గింజలు, దుంపలు, అడవి ఆకుకూరలు ఆ లోటు పూడ్చేవి. ఇప్పుడు కంచంలో తెల్లన్నమే మిగిలింది.

ఇంకో చిక్కు ఉంది. రేషన్ కార్డు ఇంటికి ఒకటే. కొడుకు సబ్బవరంలో మొత్తం కోటా విడిపించుకుంటే ఊళ్లో ఉన్న తల్లికి ఏమీ మిగలదు. ఒకే దేశం ఒకే రేషన్ కింద కొంత ఇక్కడ, మిగతాది ఊళ్లో తీసుకోవచ్చు. ఈ సంగతి మనవాళ్లలో ఎంతమందికి చెప్పాం?

"పింఛను 4000 వస్తోంది కదా" అంటారు. నిజమే, 2024 జూలై నుంచి ఇస్తున్న ఆ డబ్బు చిన్న మొత్తం కాదు, దాన్ని తక్కువ చేయొద్దు. కానీ ఆధార్‌లో వయసు తప్పుపడి అది కూడా అందనోళ్లు ఉన్నారు. అందినవాళ్లకైనా నోటు అన్నం కాదు. నీళ్లు మోసి, పుల్లలు తెచ్చి, మెత్తగా వండిపెట్టే చెయ్యి కావాలి. ఆ చేతులు బట్టీల్లో ఉన్నాయి.

2013 ఆహార భద్రత చట్టం పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు వండిన భోజనమో, ఇంటికిచ్చే పోషకాహారమో హక్కుగా ఇచ్చింది. వృద్ధుల పేరు ఆ జాబితాలో లేదు. ఇది కుదరని పని కాదు. తమిళనాడు 1983లోనే వృద్ధాప్య పింఛనుదారులను మధ్యాహ్న భోజన పథకంలోకి తెచ్చింది. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాదు?

అందుకే మన డిమాండ్లు మూడు. అంగన్‌వాడీలో, బడిలో వండే చోటే ఒంటరి వృద్ధులకూ ఒక పూట వేడి భోజనం పెట్టాలి. రేషన్‌లో చోళ్లు, కందిపప్పు ప్రతి నెలా ఇవ్వాలి. వలస వచ్చిన చోట కూడా ఆశా వర్కర్ ముసలోళ్ల బరువు చూసి రాయాలి.

డిమాండ్ చేసేలోపు మనం చేయగలిగింది కూడా ఉంది. డాక్టర్లు వృద్ధుల పోషణ తెలుసుకోవడానికి వాడే ప్రశ్నలు చాలా సులువు. గత మూడు నెలల్లో తిండి తగ్గిందా? బరువు తగ్గారా, బట్టలు వదులయ్యాయా? లేచి బయటికి నడవగలుగుతున్నారా? ఈ మధ్య పెద్ద జబ్బు గానీ, మనసుకు పెద్ద దెబ్బ గానీ తగిలిందా? మతిమరుపు, దిగులు ఉన్నాయా? తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, పిక్క లావుగా ఉన్నచోట టేపు చుట్టండి. 31 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే జాగ్రత్త పడాలి. కాళ్లు వాచి ఉంటే మాత్రం ఈ కొలత నమ్మొద్దు. జవాబులు బాగోకపోతే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. టీబీ, షుగర్, రక్తహీనత కూడా మనిషిని ఇలాగే కరిగిస్తాయి.

ఈ ఆదివారం మీ గూడెంలో, మీ షెడ్డుల దగ్గర పదిమంది పెద్దోళ్లను కలవండి. వయసు, పిక్క కొలత, నిన్న ఏం తిన్నారు, పింఛను అందుతోందా అని నాలుగు గడుల కాగితంలో రాయండి. పేర్లు మన దగ్గరే ఉంచి, లెక్క మాత్రం ఎంపీడీవో ముందు పెడదాం. లెక్క లేదు కాబట్టి సమస్య లేదంటే ఇక ఒప్పుకోవద్దు.

అడవి హక్కు పట్టా కోసం సాక్ష్యం కావాలంటే, గట్లు చూపించింది మన ముసలోళ్లే. ఆ సాక్షులు ఆకలితో పోకూడదు.

జై ఆదివాసీ!