కిట్ లెన్సు మీద ఎందుకండీ ఇంత కక్ష?

"కెమెరా కొన్నావా? గుడ్. ముందు ఆ కిట్ లెన్సు తీసి అటక మీద పడెయ్."

మన ఆఫీసుల్లో కొత్తగా కెమెరా కొన్న ప్రతి కుర్రాడికీ దొరికే మొదటి ఉచిత సలహా ఇది. ఇచ్చేది పక్క టీములో సీనియరు. ఆయనకి అంతకుముందు ఇంకో సీనియరు చెప్పి ఉంటాడు. ఎందుకు పడెయ్యాలో ఎవరూ అడగరు. కోడ్ రివ్యూలో ఒక్క లైనుకి పది ప్రశ్నలు వేసేవాళ్లం, నలభై యాభై వేల ఖర్చు దగ్గరికొచ్చేసరికి నోరు మెదపం. పైగా ఈఎంఐ ఉంది కదా అని ధీమా.

ఈ సలహా తప్పంటాను నేను. దీనివల్ల కుర్రాళ్ల డబ్బు పోతోంది, అది సరే, మళ్లీ సంపాదించుకుంటారు. కానీ తియ్యాల్సిన ఫోటోలు తియ్యకుండా పోతున్నాయి, అవి మళ్లీ రావు. ఎలాగో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. మధ్యలో లెక్కలు కూడా ఉన్నాయి (ఇంజినీర్లమే కదా, పర్లేదు).

ముందు ముద్దాయి ఎవరో చూద్దాం. 18-55 ఎంఎం, ఎఫ్ 3.5 నుంచి 5.6. మిర్రర్‌లెస్ కెమెరాలతో 16-50 లాంటివి ఇస్తున్నారు, వంశం ఒకటే. ఏపీఎస్-సి సెన్సరు మీద 18-55ని 1.5తో గుణిస్తే (కెనాన్ అయితే 1.6) ఫుల్ ఫ్రేము లెక్కలో సుమారు 27 నుంచి 83 దాకా వస్తుంది. వీధి, గాలిగోపురం, బంతి భోజనాలు, మనిషి ముఖం, అన్నీ ఈ మధ్యలోనే ఉన్నాయి. బరువు పావుకిలో అటూ ఇటూ. భుజం నొప్పి పుట్టదు కాబట్టి బయటికి తీసుకెళ్తాం. బయటికి తీసుకెళ్లడమే ఫోటోగ్రఫీలో సగం పని అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

"కానీ షార్ప్‌నెస్ లేదు కదా" అంటారు. ఎఫ్ 8 దగ్గర, మంచి ఎండలో తీసి చూడండి. మనవాళ్లు ఏం చేస్తారంటే, ఫోటోని కంప్యూటరులో నూరు శాతానికి పెంచి, మూలలో ఉన్న వేపాకు అంచు మసకగా ఉందని నిద్ర మానేస్తారు. తర్వాత అదే ఫోటోని ఇన్‌స్టాగ్రాములో పెడతారు. అక్కడ 1080 బై 1350 అంటే ఒకటిన్నర మెగాపిక్సెల్ కూడా లేదు. 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసి, పదహారో వంతుకి కుదించి, అరచేతిలో పట్టే తెర మీద చూపించే ఫోటోకి మూలల్లో షార్ప్‌నెస్ ఎవరికండీ? పెళ్లి భోజనంలో విస్తరాకు ఈనెలు లెక్కపెట్టినట్టు ఉంటుంది.

కిట్ లెన్సుకి నిజమైన లోపం ఒకటుంది, దాచను. చీకట్లో నీరసపడుతుంది. 55 దగ్గర ఎఫ్ 5.6 మాత్రమే తెరుచుకుంటుంది. ఎఫ్ 1.8 లెన్సు దానికన్నా దాదాపు పదింతల వెలుతురు లోపలికి పంపిస్తుంది (5.6ని 1.8తో భాగించి వర్గం చెయ్యండి, 9.7 వస్తుంది). అంటే ఐఎస్ఓ 6400తో తియ్యాల్సిన ఫోటో 640తో అయిపోతుంది. రాత్రి పూట ఇంట్లో పరిగెత్తే పిల్లల్ని తియ్యాలంటే ఈ తేడా నిజంగా కనిపిస్తుంది. లెన్సులో ఉండే స్టెబిలైజేషను మన చేతి వణుకుని ఆపుతుంది గానీ పిల్లాడి పరుగుని ఆపదు.

సరే, అయితే ఏం కొనాలి? ఇక్కడ రెండో ఉచిత సలహా సిద్ధంగా ఉంటుంది: "కళ్లు మూసుకుని 50 ఎంఎం ఎఫ్ 1.8 కొనెయ్, చవక." చవకే, కాదనను. కానీ కళ్లు తెరుచుకునే కొందాం. ఏపీఎస్-సి కెమెరా మీద 50 అంటే 75-80 లాగా పనిచేస్తుంది. ఒక మనిషిని తలపైన కాస్త ఖాళీతో నిలువెత్తున తియ్యాలంటే ఫ్రేములో 1.8 మీటర్లు పట్టాలి. కెమెరా నిలువుగా పట్టుకున్నా సెన్సరు పొడుగు 23.5 ఎంఎం. లెక్క కడితే మీరు 3.8 మీటర్ల దూరంలో నిలబడాలి. మన ఇళ్లల్లో పది బై పది గది అంటే మూడు మీటర్లే. గోడ పగలగొట్టుకుని అవతలికి వెళ్లాలి! అదే 35 ఎంఎం అయితే 2.7 మీటర్లు చాలు, గదిలో సరిపోతుంది. 50 సలహా ఫిల్ము రోజుల నుంచి నడిచొచ్చింది. ఫిల్ము మీద 50 నిజంగా 50యే. సెన్సరు చిన్నదయ్యాక కూడా అదే అంకె అప్పజెబుతున్నాం. డాక్యుమెంటేషన్ మార్చకుండా వెర్షన్ మార్చినట్టు.

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికొద్దాం. బొకే. వెనకంతా మైనంలా కరిగిపోతే అది ప్రొఫెషనల్ ఫోటో అని ఒక నమ్మకం పాతుకుపోయింది. ఫుల్ ఫ్రేము కెమెరా, 85 ఎంఎం, ఎఫ్ 1.4, ఒకటిన్నర మీటరు దూరం. ఫోకస్‌లో ఉండే లోతు ఎంతో తెలుసా? సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కన్ను ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు. ముఖం కాస్త పక్కకి తిరిగితే రెండో కన్ను కూడా ఉండదు. అదే దూరంలో మన దరిద్రపు కిట్ లెన్సు, 55 దగ్గర ఎఫ్ 5.6 పెడితే దాదాపు పదహారు సెంటీమీటర్లు వస్తుంది. ముఖం మొత్తం బావుంటుంది, వెనక గోడ కాస్త మెత్తబడుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?

జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని ఎఫ్ 1.4లో తీసినవాళ్ల ఫోటోలు చూశాను. పెళ్లికూతురు కనురెప్పలు లెక్కపెట్టొచ్చు, పెళ్లికొడుకు మాత్రం పొగమంచులో ఉన్నాడు. ఇక వెనకాల ఎవరెవరున్నారో దేవుడికే తెలియాలి. ఆ వెనకాలే కదండీ పెళ్లంటే! కొంగుతో కళ్లొత్తుకునే అమ్మ, అక్షింతలు పట్టుకుని తొంగిచూసే మేనత్త, పంతులుగారి తొందర. ఇదంతా లక్ష రూపాయలు పోసి కరిగించేసుకుంటున్నాం.

దీనికి తోడు "85 ఎంఎం ముఖాన్ని అందంగా చూపిస్తుంది" అని ఇంకో మాట. ముఖం ఆకారాన్ని మార్చేది లెన్సు కాదు, దూరం. దగ్గరికెళ్తే ముక్కు పెద్దదవుతుంది, దూరం జరిగితే సర్దుకుంటుంది. సెల్ఫీలో ముఖం గుమ్మడికాయలా రావడానికి కారణం చెయ్యి పొట్టిది కావడమే. ఒకే చోట నిలబడి 35తో ఒకటీ 85తో ఒకటీ తీసి, మొదటిదాన్ని కత్తిరించి పక్కపక్కన పెట్టండి. ముఖం ఒకేలా ఉంటుంది. రెండడుగులు వెనక్కి వెయ్యడానికి ఈఎంఐ అక్కర్లేదు.

"బాడీలు పోతుంటాయి, లెన్సు మాత్రం పెట్టుబడి, జీవితాంతం ఉంటుంది." ఈ మాట విన్నప్పుడల్లా నాకు శివార్లలో వెంచర్ల బ్రోచర్లు గుర్తొస్తాయి. చరిత్ర చూడండి. కెనాన్ ఈఎఫ్ మౌంటు 1987లో వచ్చింది, 2018లో ఆర్ఎఫ్ వచ్చింది. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నాటిది, 2018లో జెడ్ వచ్చింది. అడాప్టర్లు ఉన్నాయి, నిజమే. కానీ నికాన్ పాత డీ రకం లెన్సులకి ఫోకస్ తిప్పే మోటారు కెమెరాలో ఉండాలి. 2006లో వచ్చిన డీ40లోనే అది లేదు. జెడ్ కెమెరాలకి ఇచ్చే ఎఫ్‌టీజెడ్ అడాప్టరులోనూ లేదు. అంటే చేత్తో తిప్పుకోవడమే. పాత మౌంటు లెన్సులు సెకండ్‌హ్యాండులో ఎంతకి దిగాయో ఒకసారి వాకబు చెయ్యండి. అమ్మేవాడికి అది పెట్టుబడి కాదని అర్థమవుతుంది. కొనేవాడికి మాత్రం పండగే, ఆ సంగతి తెలివైనవాళ్లు గమనించాలి.

ఇక ఫంగస్. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి చోట్ల ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. లెన్సుని బ్యాగులో పెట్టి, బ్యాగుని బీరువాలో పెట్టి, రెండు వర్షాకాలాలు మర్చిపోతే లోపలి గాజు మీద సాలెగూడు లాంటిది పుడుతుంది. చీకటి, తేమ, కదలని గాలి, దానికి కావాల్సినవి అవే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చవకలో ఒక తేమ కొలిచే మీటరు ఉంటే 40-50 శాతం మధ్య ఉంచుకోవచ్చు. కానీ అన్నిటికన్నా మంచి మందు వాడకం. నాలుగు లెన్సులున్నవాడు మూడింటిని ఎప్పుడూ బీరువాలోనే ఉంచుతాడు. జీవితాంతం ఉండేది లెన్సో ఫంగసో మీరే చెప్పండి.

పక్షుల ఫోటోల గురించి కూడా రెండు ముక్కలు. 150-600 లెన్సు రెండు కిలోల బరువు. అమీన్‌పూర్ చెరువుకో, నేలపట్టుకో, ఉప్పలపాడుకో ఏళ్ల తరబడి వెళ్తూ, ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో తెలిసి, గూళ్ల జోలికి పోకుండా దూరం నుంచి తీసేవాళ్లకి అది పనిముట్టు, వాళ్లకి నా దండం. పురుగుల్ని తీసేవాళ్లకి మాక్రో లెన్సు కూడా అంతే, వేరే దారి లేదు. నేను మాట్లాడేది మిగతావాళ్ల గురించి. లకుముకి పిట్ట పేరు తెలియదు గానీ, లెన్సు మోడల్ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

ఎందుకిలా తయారయ్యాం? నాకు తోచిన కారణం ఎంసెట్. చిన్నప్పటి నుంచి ప్రతిదానికీ ర్యాంకు ఉంటుందని నేర్పారు. లెన్సుకి కూడా స్కోరు చూస్తాం, ఎర్ర గీత ఉన్నది కన్వీనరు సీటు, లేనిది మేనేజ్‌మెంటు కోటా. ఫోటోకి ర్యాంకు ఇవ్వడం కష్టం. వెలుతురు ఎటు పడుతోంది, మనిషి ఏం ఆలోచిస్తున్నాడు, ఎప్పుడు నొక్కాలి, వీటికి స్పెసిఫికేషన్ షీటు లేదు. కాబట్టి కొలవగలిగినదాన్ని కొలుస్తూ కూర్చుంటాం. కార్టియే బ్రెసాన్ ఎక్కువగా ఒక్క 50తోనే పని చేశాడు. ఓజు తన చివరి సినిమాలు దాదాపు అన్నీ 50తోనే తీశాడు. ఇంత దూరం ఎందుకు, 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లీ పట్టుకున్న వెన్నెల గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ వెన్నెల ఏ లెన్సుతో తీశారని ఎవరైనా అడిగారా?

ఊరికే తిట్టి వదిలేస్తే ఏం ప్రయోజనం, ఒక పరీక్ష చెబుతాను. మీరు తీసిన ప్రతి ఫోటోలోనూ ఫోకల్ లెంత్, అపెర్చరు, ఐఎస్ఓ రాసి ఉంటాయి. ఎక్సిఫ్‌టూల్‌తో గత ఏడాది ఫోటోలన్నిటివీ బయటికి లాగి లెక్క పెట్టండి, ఐదు లైన్ల స్క్రిప్టు. అలాగని తీసిన అన్నిటినీ కాదు, మీరు దాచుకున్నవాటినే. ఎక్కువ భాగం 18 దగ్గర పేరుకుంటే మీకు వైడ్ కావాలి. 55 దగ్గర పేరుకుంటే కాస్త పొడుగుది కావాలి. ఐఎస్ఓ 3200 పైన పేరుకుంటే ఎఫ్ 1.8 ప్రైము కావాలి, అదీ గది కొలిచి. అన్నీ సమంగా పరుచుకుని ఉంటే మీకు లెన్సు కాదు, సెలవు కావాలి. అసలు ఏడాదిలో రెండొందలు కూడా దాచుకోలేదంటే ఏ లెన్సూ కాపాడదు. ఇంత చేశాక కూడా కొనాలనిపిస్తే ముందు రెండ్రోజులు అద్దెకి తెచ్చుకోండి, హైదరాబాదులోనూ బెంగళూరులోనూ దొరుకుతాయి. అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో తెప్పించే ముందు, ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కనుక్కోండి.

చివరిగా ఒక సంగతి. కిందటేడు మా దగ్గరి బంధువు ఒకాయన పోయారు. పెద్దకర్మకి దండ వెయ్యడానికి ఫోటో కావాల్సొచ్చింది. ఆ ఇంట్లో ఫుల్ ఫ్రేము కెమెరా ఉంది, నాలుగు లెన్సులున్నాయి, హార్డ్ డిస్కు నిండా కొంగలూ సూర్యాస్తమయాలూ ఉన్నాయి. ఆయన ఫోటో లేదు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే స్టూడియోలో పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు. ఆ కొడుకుని నేనేమీ అనను, అనాల్సిన పని కూడా లేదు. కానీ ఆ గోడకేసి చూసిన తర్వాత "మంచి పోర్ట్రెయిట్ లెన్సు కొన్నాక తీస్తాలే" అనే మాట నాకు వినబుద్ధి కావడం లేదు.

అటక మీది కిట్ లెన్సు దింపి తుడవండి. ఈ ఆదివారం పొద్దున్నే అమ్మనో నాన్ననో తాతయ్యనో కిటికీ పక్కన కూర్చోబెట్టి, గదిలో ట్యూబులైటు ఆపేసి, 55 దగ్గర ఎఫ్ 5.6, ఐఎస్ఓ 800 పెట్టుకుని, వాళ్లతో మాట్లాడుతూ తియ్యండి. బావున్నవి రెండు ప్రింటు వేయించండి. కాదు కూడదు, 85 ఎఫ్ 1.4 లేకుండా కుదరదు అనేవాళ్లతో వాదనకి నేను సిద్ధమే. కాకపోతే పైన చెప్పిన లెక్క తీసి, ఆ అంకెలు పట్టుకుని రండి.