తాళంచెవి ఎవరి దగ్గర? బిట్‌కాయిన్ పొరల్లో పేదల లెక్క

బ్యాంకు అక్కర్లేదు, దళారీ ఉండడు, మీ డబ్బు మీ చేతిలోనే. బిట్‌కాయిన్ గురించి మన విద్యార్థి మిత్రులు తరచూ చెప్పే మాట ఇది. తరాలుగా అప్పు పుట్టని వాళ్ళకు ఈ మాట ఎందుకు నచ్చుతుందో మనకు తెలుసు. అయితే ఇది ఎవరి విషయంలో నిజమైందో ఎల్ సాల్వడార్‌లో చూడాలి.

బిట్‌కాయిన్ మూల పొరలో సుమారు 10 నిమిషాలకు ఒక బ్లాకు చేరుతుంది. సెకనుకు ఏడెనిమిది లావాదేవీలకు మించి పట్టడం కష్టం. ఉన్న కాస్త చోటుకు వేలంపాటే. పైగా ఫీజు పంపే సొమ్మును బట్టి ఉండదు, లావాదేవీ తీసుకునే చోటును, ఆనాటి రద్దీని బట్టి ఉంటుంది. 5 డాలర్లు పంపే కూలీకీ, 5 లక్షల డాలర్లు పంపే వ్యాపారికీ దాదాపు ఒకటే ఫీజు! 2024 ఏప్రిల్ 20న సగటు ఫీజు 100 డాలర్లు దాటింది. అలాంటి రోజులు అరుదే. కానీ ఒక్క డాలరు ఫీజైనా కూలీకి బరువే.

దీనికి విరుగుడుగా వచ్చిన రెండో పొర లైట్నింగ్. ఇద్దరు మూల పొరలో కొంత సొమ్ము కట్టిపెట్టి చానెల్ తెరుస్తారు. ఆపై ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకున్నా క్షణాల్లో, నామమాత్రపు ఖర్చుతో అయిపోతుంది. కానీ చానెల్ తెరవాలన్నా మూయాలన్నా మూల పొర ఫీజు తప్పదు. అవతలి వైపు సొమ్ము ఉంటేనే మనకు డబ్బు అందుతుంది. అవతలివాళ్ళు పాత లెక్క చూపి మోసం చేయకుండా కనిపెట్టుకుని ఉండాలి, లేదా ఆ కాపలా ఇంకొకరికి అప్పగించాలి. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను, అదీ రీచార్జి అయిపోతే మూగదైతే, కాపలా కాసేదెవరు?

అందుకే చాలామంది తాళంచెవి వేరొకరి దగ్గర ఉండే వాలెట్ వైపు వెళ్తారు. 2021 సెప్టెంబరు 7న బిట్‌కాయిన్‌ను చట్టబద్ధం చేసిన ఎల్ సాల్వడార్ ప్రభుత్వం ఇచ్చిన చివో వాలెట్ ఇలాంటిదే. చేరితే 30 డాలర్ల బోనస్. వలస కార్మికులు పంపే డబ్బు మీద కమీషన్ల బాధ తప్పుతుందన్నారు. గల్ఫ్ డబ్బుతో ఇల్లు గడిచే మన జగిత్యాల కుటుంబాలకు ఆ ఆశ కొత్తది కాదు. తీరా తమ గుర్తింపు నంబరుతో ఎవరో బోనస్ కాజేశారంటూ క్రిస్టోసాల్ అనే మానవ హక్కుల సంస్థకు వందల ఫిర్యాదులు వెళ్ళాయి. బోనస్ ఖర్చయ్యాక చాలామంది ఆ యాప్ ముఖం చూడలేదు.

1923లో 'ద ప్రాబ్లెమ్ ఆఫ్ ది రుపీ'లో అంబేడ్కర్ రూపాయి జారీ పాలకుల ఇష్టానికి వదలకూడదని వాదించారు. బిట్‌కాయిన్లు 2.1 కోట్లు దాటవన్న నియమాన్ని దానితో పోల్చడం తేలికే. మా అభ్యంతరం ఇక్కడే. ఆ నియమం జారీని కట్టడి చేసింది గానీ తాళంచెవి పట్టుకున్న వాళ్ళను కాదు. ఫీజు కట్టగలిగిన వాళ్ళకు తమ చెవి తమ దగ్గరే ఉంటుంది. కట్టలేని వాళ్ళు మళ్ళీ ఒకరిని నమ్మాలి.

2024 డిసెంబరులో ఐఎంఎఫ్‌తో 140 కోట్ల డాలర్ల రుణ ఒప్పందం కుదిరింది. మరుసటి నెలలోనే చట్టం సవరించి, వ్యాపారులు బిట్‌కాయిన్ తీసుకోవడం ఐచ్ఛికం చేశారు. చివో నుంచి ప్రభుత్వం క్రమంగా తప్పుకోవాలన్నదీ ఒప్పందంలో భాగమే. చివోలో డబ్బు దాచుకున్న వాళ్ళకు ఆ చర్చల్లో చోటు లేదు.