మొక్క నాటేముందు కాస్త ఆగుదామా?

మన గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది, చూసే ఉంటారు. కార్తీక వనభోజనాలకి ఈసారి హార్జ్ కొండలకి వెళ్దాం, తలా ఐదు యూరోలు వేసుకుని ఒక్కొక్కరి పేరున ఒక్కో మొక్క నాటిద్దాం అని. దాని కింద అన్నీ దణ్ణాలూ చప్పట్లే. నేనొక్కదాన్నే "కాస్త ఆగుదామా?" అని రాస్తే "మంచి పనికి కూడా అడ్డమేనా అక్కా" అన్నారు. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

కిందటేడు అమ్మ వచ్చినప్పుడు బ్రోకెన్ శిఖరానికి పొగబండిలో తీసుకెళ్ళాను. 1,141 మీటర్ల ఎత్తు, హార్జ్‌లో అదే పెద్ద కొండ. దారి పొడుగునా ఆకు లేని బూడిదరంగు మాన్లు, వేలకి వేలు. "అడవి తగలబడిందా ఏమే?" అంది అమ్మ. కాదమ్మా, పురుగు పట్టింది అన్నాను. "మరి చచ్చిన చెట్లని కొట్టకుండా అలా ఎందుకుంచారు? మన దగ్గరైతే ఈపాటికి పొయ్యిలోకి పోయేవి" అంది. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని చదివాను.

ఆ చచ్చినవన్నీ ఫిష్టె చెట్లు. మనం క్రిస్మస్ చెట్టు అంటామే, ఆ జాతి, ఇంగ్లీషులో స్ప్రూస్. ఇవి హార్జ్‌లో సహజంగా పెరిగేది కొండ పైభాగాన మాత్రమే. కింది వాలులన్నీ ఒకప్పుడు ఆకురాల్చే బూఖె చెట్ల అడవి. వెండి, సీసం గనులకి కలప కావాల్సి వచ్చి ఆ అడవిని నరికేశారు, త్వరగా పెరుగుతుందని ఎక్కడపడితే అక్కడ ఫిష్టె వేశారు. 2018 నుంచి వరసగా మూడేళ్ళు వానల్లేవు. ఆరోగ్యంగా ఉన్న చెట్టయితే బెరడు తొలిచే పురుగుని జిగురుతో ముంచి చంపేస్తుంది. నీళ్ళు లేని చెట్టుకి జిగురెక్కడిది? ఆ పురుగు పేరు జర్మన్‌లో బూఖ్‌డ్రుకర్, అంటే పుస్తకాలు అచ్చువేసేవాడు. బెరడు కింద అది తొలిచిన గీతలు అచ్చు వేసినట్టే ఉంటాయి. 2018 జనవరి నుంచి 2021 ఏప్రిల్ లోపల జర్మనీ మొత్తం మీద 5 లక్షల హెక్టార్ల పైన అడవి పోయిందని ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్క కట్టారు.

ఇక ఆడవాళ్ళుగా మనకి తగిలే సంగతి ఒకటుంది. యూరో రాకముందు ఇక్కడ 50 ఫెనిగ్‌ల బిళ్ళ ఉండేది. దాని మీద రాజు లేడు, నాయకుడు లేడు. మోకాళ్ళ మీద కూర్చుని ఓక్ మొక్క నాటుతున్న ఒక ఆడమనిషి. శిల్పి రిషార్డ్ మార్టిన్ వెర్నర్ తన భార్య గెర్డానే నమూనాగా పెట్టుకుని చెక్కాడు. యుద్ధం తర్వాత నష్టపరిహారం కిందా, వంటచెరుకుకీ కొట్టేసిన అడవులని మళ్ళీ నాటినవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే, కూలికి. కుల్టూర్‌ఫ్రావెన్ అనేవారు వాళ్ళని. బిళ్ళ మీద ఓక్ ఉన్నా వాళ్ళ చేతికిచ్చింది చాలాచోట్ల ఫిష్టె మొక్కలే. ఈ మధ్య ఎండిపోయిన వాటిలో వాళ్ళు నాటినవీ ఉన్నాయి. తప్పు వాళ్ళది కాదు. వాళ్ళని ఏం నాటాలని ఎవరూ అడగలేదు. మనల్ని కూడా ఎవరూ అడగడం లేదు, కానీ మనం అడగొచ్చు కదా.

ఈ కథ మనకి కొత్తా? ఖమ్మం వైపు వాళ్ళని అడగండి, జామాయిల్ తోటలో నడిస్తే పిట్ట కూత వినపడుతుందేమో. అదీ పచ్చగానే ఉంటుంది. మొన్నమొన్నటిదాకా మన ఊళ్ళల్లో రోడ్ల పక్కన వరసగా కోనోకార్పస్ నాటి ఫొటోలు దిగాం, ఇప్పుడు అవే వద్దంటున్నాం.

నేషనల్ పార్కు వాళ్ళ పద్ధతి వేరు. దక్షిణాన బవేరియా అడవి పార్కులో 1983 గాలివానకి పడిన చెట్లని తీయకుండా అలాగే వదిలేశారు. తర్వాత పురుగొచ్చి చుట్టూ ఉన్న చెట్లనీ తినేస్తే ఊళ్ళవాళ్ళు మండిపడ్డారు. ఇప్పుడు అక్కడ ఎవరూ నాటని కొత్త అడవి ఉంది. హార్జ్‌లోనూ అదే దారి. కింది వాలుల్లో మాత్రం బూఖె మొక్కలు నాటి కాస్త చేయూతనిచ్చారు. మిగతాచోట బిర్చ్ గింజలని గాలి మోసుకొస్తుంది. ఫోగెల్‌బేరె అని ఎర్రటి గుత్తుల కాయల చెట్టుంది, పిట్టల పండు అని అర్థం, దాన్ని పిట్టలే వేస్తాయి. చచ్చిన మాను నేలకి నీడ, లేత మొక్కకి జింక నోటి నుంచి అడ్డు, కుళ్ళాక ఎరువు. అమ్మ అడిగినదానికి జవాబు ఇదే.

అంతా వదిలేయడమే మేలని కూడా నేననను. 2022లో బ్రోకెన్ దగ్గర మంటలు లేచినప్పుడు ఎండుమాన్ల మీద పెద్ద గొడవైంది. ఊరికి ఆనుకుని ఉన్నవాళ్ళ భయం భయమే, అక్కడ ఎండుకట్టె తీయాల్సిందే. పార్కు బయట, కలప మీద బతికే అడవుల్లో నాటకుండా కుదరదు కూడా. అయితే అక్కడ కావాల్సింది మన పేరున్న మొక్క కాదు. నాలుగైదు జాతులు కలిపి నాటాలి, జింకలు కొరక్కుండా కంచె కావాలి, రెండుమూడేళ్ళు చుట్టూ గడ్డి తీసే చేతులు కావాలి. ఫొటోకి పనికిరాని పనులు.

కాబట్టి నా మాట ఇది. వనభోజనం మానొద్దు, నవంబరు చలిలో పులిహోర తినడం మనకి కొత్తేమీ కాదు. ఉసిరి చెట్టు ఎలాగూ దొరకదు, ఫోగెల్‌బేరె కింద కూర్చుందాం, స్టీలు కంచాలు తెచ్చుకుందాం. పార్కులో ఏమీ నాటొద్దు, అక్కడ మనంతట మనం నాటడానికి వీల్లేదు కూడా. ఐదు యూరోలు మాత్రం పక్కన పెట్టండి. పార్కు బయట అడవి చూసే ఫారెస్టు అధికారి ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి, వెళ్ళి ఏం కావాలో అడుగుదాం. కంచె అంటే కంచెకే ఇద్దాం, గడ్డి తీయమంటే వసంతంలో పిల్లలతో వెళ్దాం. ఆ ఏడాదీ, ఆ పై ఏడాదీ వచ్చేవాళ్ళెవరో గ్రూపులో ఇప్పుడే పేర్లు రాయండి. మొదటి పేరు నాది.