అడిగినవానికొక ధర, అడుగనివానికొక ధర

బ్రాడ్‌బ్యాండు చందాదారులలో నొక యుపాయము కొంతకాలముగా వాడుకలో నున్నది. గడువు ముగియనున్నదని కంపెనీవారి సందేశము రాగానే, చందా చెల్లించుటకు మారుగా వారికి ఫోను చేసి ‘మాకు మీ కనెక్షను అక్కరలేదు, రద్దు చేయుడు’ అని చెప్పుటయే యా యుపాయము. అట్లు చెప్పిన మరునాడో మూడవనాడో వేరొక యుద్యోగి పిలిచి, అంతవరకు వినని తగ్గింపు ధర నొకదానిని వినిపించును. ఒక నెల యుచితముగా నిచ్చెదమనును, వేగము హెచ్చించెదమనును, రౌటరు మార్చెదమనును. అందరకు నిట్లు జరుగునని చెప్పజాలము గాని, పలువురకు జరుగుచున్న మాట నిజము. నిన్నటివరకు లేని యీ యౌదార్యము నే డెక్కడనుండి వచ్చెను?

దీనికి మూలము దయ కాదు, లెక్క. ఒక యింటికి క్రొత్తగా ఫైబరు తీగ లాగుటకు, పెట్టె బిగించుటకు, పనివానిని పంపుటకు, చందాదారుని దెచ్చిన యేజెంటునకు కమీషను నిచ్చుటకు, ప్రకటనలకు కంపెనీ కగు వ్యయము తక్కువ కాదు. ఆ వ్యయము తిరిగి రావలెనన్న చందాదారుడు చాలకాలము నిలువవలెను. తీగ యొకమారు ఇంటిలోనికి వచ్చిన పిమ్మట నాతనికై నెలనెలకు క్రొత్తగా పెట్టవలసినది స్వల్పము. ఆతడు పోయినచో ఆ తీగ వట్టి తీగయై స్తంభముపై వ్రేలాడును. ఆతని స్థానమున మరియొకని దెచ్చుటకు మొదటి ఖర్చంతయు మరల పెట్టవలెను. కాబట్టి నెలకు నూరు రూపాయలు వదలుకొనియైనను ఉన్నవానిని నిలుపుకొనుటయే లాభమని కంపెనీ గణకులకు బాగుగా తెలియును. పెద్ద కంపెనీలలో పోవువారిని నిలుపుటకే ప్రత్యేకముగా నొక శాఖ యుండుటకు కారణ మిదియే. ధర తగ్గించు నధికారము మొదట ఫోను తీయు గుమాస్తాకు సాధారణముగా లేదు. ఆ శాఖవారికి కలదు. రద్దు అను మాట పలికినగాని యా తలుపు తెరువబడదు.

‘పోవు నుద్దేశము లేకయే పోయెదనని బెదిరించుట మర్యాదయా?’ అని పెద్దలు కొందరు శంకించుచున్నారు. శంక నిర్హేతుకము కాదు. బజారులో చీరకు బేరమాడుట వేరు. అచ్చట చెప్పు ధర యొకటి, ఇచ్చు ధర యొకటి యని యిరువురకును దెలియును. దుకాణముపై ‘ఒకే మాట’ యని పలక కట్టినచో మర్యాదస్థుడు బేరమాడడు. బ్రాడ్‌బ్యాండు కంపెనీలును తమ ధరలను పలకపై వ్రాసినట్లే ప్రకటించుచున్నవి. కాని పలక ముందుండగనే వెనుక గదిలో వేరొక ధరకు విక్రయించుచున్నవి. మొదట మాట తప్పినది వారు. రెండవ ధర యున్నదని తెలిసినవాడు దాని నడుగుటలో దోషమేమియు లేదని మా యభిప్రాయము.

అయినను పోవుటకు సిద్ధపడియే పోయెదననుట మేలు. ఇది నీతి కొరకు మాత్రమే చెప్పుట కాదు. ఉత్త బెదిరింపును ఆ శాఖవారు కంఠస్వరముననే కనిపెట్టుదురు. నిత్యమును వారి పని యదియే. ‘సరే, రద్దు చేసితిమి’ అని వారనినచో మరునాడు పిల్లల పాఠములును, ఇంటినుండి చేయు నుద్యోగమును నిలిచిపోవును.

సిద్ధపడుట యనగా నేమి? తన వీధిలో రెండవ కంపెనీ తీగ యున్నదో లేదో ముందు విచారింపవలెను. ఉన్నచో వారి ధర నడిగి తెలిసికొనవలెను. పన్ను కలిపిన ధరను అడుగవలెను. ప్రకటనలో 499 రూపాయలని యున్నది నూటికి 18 వంతున జి.ఎస్.టి. చేరగా 588 రూపాయల 82 పైసలగును. ‘అపరిమితము’ అను మాటను పెద్ద యక్షరములతో వ్రాసి, నెలకు 3,300 గిగాబైట్లు దాటినచో వేగము తగ్గునని చిన్న యక్షరములతో చేర్చు పథకములును గలవు. పరిమితి గల యపరిమిత మేమో మాకు బోధపడలేదు గాని, సామాన్య గృహస్థున కంత వాడుక యుండదు గనుక దానిని విడిచిపెట్టుదము. ముఖ్యముగా చూడవలసినది తగ్గింపు ఎన్ని నెలలకు, ఆ తరువాత ధర యెంత యను రెండు సంగతులు. తగ్గించితిమని చెప్పి సంవత్సరపు చందా నంతయు ముందుగా కట్టించుకొనువారు కలరు. నూరు రూపాయలు మిగిలినవని సంతసించి పండ్రెండు నెలలు కట్టువడిన చందాదారునికి, మూడవ నెలలో తీగ తెగి వారము దినములు బాగుచేయకున్నను, ‘పోయెదను’ అను మాట యనుటకు వీలుండదు. చవుకగా వచ్చిన దానికి ఆతడు తన బలమునే వెలగా నిచ్చెనన్నమాట.

ఫోనులో వినిన ధరను ఫోనులోనే యంగీకరింపరాదు. సందేశముగా గాని ఈమెయిలుగా గాని పంపుడని కోరవలెను; పంపుటకు వెనుదీయువారు నిలుపుకొనుటకును వెనుదీయుదురు. గొంతు పెంచుటవలన లాభము లేదు. అవతల ఫోను తీసినవాడు ధరలను నిర్ణయించినవాడు కాడు. చెప్పుమనిన మాటలను చెప్పి జీతము తీసికొను చిన్న యుద్యోగి. ఆతనిని తిట్టి తగ్గింపు సంపాదించితిమని చెప్పుకొనువారిని చూచినప్పుడు మాకు సిగ్గు కలుగుచున్నది.

ఇక నసలు సంగతి. ఈ యుపాయము పోవుటకు చోటున్నవానికే పనికివచ్చును. గుంటూరు మిరప యార్డులో జరుగు బేరము మన పాఠకులలో పలువు రెరిగినదే. సరకును శీతల గిడ్డంగిలో నిలువచేసికొనగల రైతు ‘ఈ ధర కీయను’ అని బస్తాలను మరలించుకొని పోగలడు. అప్పులవాడు కళ్లము నొద్దనే కాచికొనియుండగా సరకు తెచ్చిన రైతు అదే మాట యనినచో వర్తకుడు నవ్వును. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలోని పెద్ద వీధులలో నాలుగు కంపెనీల తీగలు పెనవైచుకొని యుండగా చందాదారుడు గిడ్డంగి గల రైతువంటివాడు. చిన్న యూళ్లలో కేబులువాడొక్కడే దిక్కు. ఆతనితో పోయెదనన్నచో ‘ఎక్కడికి?’ అని యడుగును. పట్టణములలోను, కట్టినవారు ఒకే కంపెనీతో నొడంబడిక చేసికొని రెండవ తీగను లోపలికి రానీయని గృహసముదాయములు కలవు. వాటిలో నివసించువారు ఎంత ధనవంతులైనను ఈ విషయమున పల్లెవాసులతో సమానులే.

2017 డిసెంబరులో ఆనాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఇంటింటికి వచ్చునని ప్రకటించిరి. ఆ ధరను చూచి తక్కిన కంపెనీలు కలవరపడియుండవచ్చును. కాని ప్రభుత్వపు తీగ యూరివరకు వచ్చినను, అచ్చటనుండి యింటిలోనికి దానిని తెచ్చు పని స్థానిక కేబులు ఆపరేటర్లకే యప్పగింపబడినది. తీగ మారినను గుమ్మము నొద్ద నిలిచిన మనిషి మారకున్నచో, చందాదారునికి పోవు చోటు క్రొత్తగా నేర్పడినదని చెప్పుట కష్టము.

సెల్లుఫోనుల చరిత్ర ఈ మాటనే స్థిరపరచుచున్నది. నెంబరు మార్చుకొనకయే కంపెనీ మార్చుకొను హక్కు 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20వ తేదీన దేశమంతటికి వచ్చినది. అప్పటినుండి ‘పోర్టు’ అను నొక్క మాటను 1900కు పంపినంతనే నిలుపు శాఖవారు మేల్కొనుచున్నారు. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలును ఇంచుమించొకే దినమున ధరలు పెంచగా, ఆ యొక్క నెలలోనే ప్రభుత్వ సంస్థయగు బి.ఎస్.ఎన్.ఎల్.కు సుమారు 29 లక్షల చందాదారులు పెరిగిరి. బెదిరింపు లేకుండ మాట నడచి చూపించిన సందర్భ మది. కాని నవంబరు నాటికే ఆ సంస్థ చందాదారులను కోల్పోవుట మొదలిడెను. చేరిన చోట సేవ చాలనప్పుడు జనులు నిలువరు.

ఇంతవరకు అడుగువారి సంగతి. అడుగనివారెవరు? తెనాలిలోను, భీమవరములోను ఎన్నో యిండ్లలో వృద్ధదంపతు లిద్దరే యున్నారు. కుమారు లమెరికాలో నున్నారు. రాత్రివేళ మనుమల ముఖము చూచుటకు బ్రాడ్‌బ్యాండు పెట్టించుకొన్నారు. తీగ తెగునేమో యను భయమున గడువునకు ముందే ఆరు నెలల చందా కట్టుదురు. రద్దు అను మాట వారి నోట రాదు. ప్రకటించిన పూర్తి ధరను తప్పక చెల్లించువారు వీరు. అడిగినవారికి వదలిన నూరు రూపాయలు ఏ సొమ్మునుండి వచ్చుచున్నవో వేరుగ చెప్పనక్కరలేదు. పది సంవత్సరములు నమ్మకముగ నున్నవానికి హెచ్చు ధర, నిన్న వచ్చినవానికిని నేడు పోయెదనన్నవానికిని తక్కువ ధర!

బ్రిటనులో దీనికి ‘విశ్వాసమునకు జరిమానా’ యని పేరు పెట్టిరి. సిటిజన్స్ అడ్వైస్ అను సంస్థ 2018 సెప్టెంబరులో ఆ దేశపు పోటీ వ్యవహారముల యధికారులకు ఫిర్యాదు చేయుచు, మొబైలు, బ్రాడ్‌బ్యాండు, గృహబీమా, గృహఋణము, పొదుపు ఖాతాలు అను నయిదింటిలో పాత ఖాతాదారులు ఏటేట 410 కోట్ల పౌండ్లు అదనముగా చెల్లించుచున్నారని లెక్క చూపెను. ఆ పిమ్మట 2020 ఫిబ్రవరినుండి, ఒడంబడిక గడువు ముగియుటకు ముందే కంపెనీ తానుగా చందాదారునికి వ్రాసి, తనయొద్ద నున్న మంచి ధరలను తెలుపవలెనని నియమము వచ్చెను. 2024 సెప్టెంబరునుండి పాత కంపెనీతో మాటాడ నక్కరలేకుండగనే, క్రొత్త కంపెనీకి చెప్పినంత మాత్రమున మారిపోవు పద్ధతి యమలులోనికి వచ్చెను. గృహ, మోటారు బీమాలలో నైతే 2022 జనవరి 1నుండి పాతవానికి క్రొత్తవానికంటె హెచ్చు ధర వేయుటనే నిషేధించిరి. బ్రాడ్‌బ్యాండున కా నిషేధము రాలేదు గాన, అచ్చటను ఫోను బేరములు సాగుచునేయున్నవి.

మన దేశమున ట్రాయి వారికి ఈ సంగతి తెలియకపోలేదు. 2018 ఫిబ్రవరిలో వారొక యుత్తరువు చేసి, కొందరికి మాత్రమే యిచ్చు ప్రత్యేక ధరలను తమకు తెలుపవలెనని టెలికాం కంపెనీలను కోరిరి. కంపెనీలు టెలికాం ట్రిబ్యునలునకు పోయినవి; ఆ సంవత్సరము డిసెంబరులో ట్రిబ్యునలు కంపెనీల పక్షమున తీర్పు చెప్పెను. ట్రాయివారు సుప్రీంకోర్టు నాశ్రయింపగా, 2020 నవంబరు 6వ తేదీన ఆ వివరములను ట్రాయికి తెలుపవలసినదేయనియు, ట్రాయి వానిని రహస్యముగా నుంచవలెననియు కోర్టువా రాదేశించిరి. ప్రతిస్పర్ధికి తెలియరాదని కంపెనీలు కోరుట అర్థవంతమే. కాని సొమ్ము చెల్లించు చందాదారునికి గూడ తన ప్రక్కయింటివాడు చెల్లించు ధర తెలియకుండుట మాకు సమంజసముగా తోచదు. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వమువారు మోసపు పద్ధతులను పదమూడింటిని పేర్కొని నిషేధించిన మార్గదర్శకములలో, చేరుట సులభముగాను రద్దు కష్టముగాను చేయుట యొకటి. టెలికాం ఫిర్యాదులను వినియోగదారుల కమిషనులు వినవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇవియన్నియు మంచివే. కాని పోదలచినవానికి దారి చూపునవి యివి. ఉండదలచినవాని ధరను గూర్చి వీనిలో నొక్క మాట లేదు.

గడువు ముగియు ముందు వచ్చు సందేశములో చెల్లింపవలసిన మొత్తముతో పాటు, ఆ వీధిలోనే క్రొత్తవానికి కంపెనీ యిచ్చు ధరను గూడ తెలుపవలెనని ట్రాయివారు నిర్బంధింపవలెను. ఆ ధర పాతవాడు కోరినచో, రద్దు మాట యెత్తకయే యీయవలెను. గృహసముదాయములలోనికి రెండవ తీగను రానీయని యొడంబడికలను చెల్లకుండ చేయవలెను. ఇట్లు చేసినచో క్రొత్తవారికిచ్చు తగ్గింపులు పోయి, ధర యందరకును కొంత పెరుగునని కంపెనీలు వాదింపవచ్చును. అట్లు జరుగవచ్చునని మేము నంగీకరించుచున్నాము. బేరమాడ నేర్చిన మన పాఠకులలో పలువురకు నెలకు నలుబదియో యేబదియో హెచ్చవచ్చును. తెనాలిలోని వృద్ధదంపతులకు అంతకంటె నెక్కువ తగ్గునట్లయిన, ఆ నలుబది రూపాయలు చెల్లించుటకు వారు సిద్ధపడవలెనని మేము కోరుచున్నాము.