తుక్కు బండికి ఇవ్వకండి

పాత ఇనప సామాను కొనే బండి వీధిలోకి వచ్చిందంటే అటక మీది చేతి కుట్టు మిషనుకు గండం వచ్చినట్టే. కొడుకులకు అది బరువు, కోడళ్లకు దుమ్ము. కాటా ఎక్కాక పోత ఇనుము కింద జమ. పల్లెల్లో ఇంతకన్నా తెలివితక్కువ బేరం అరుదు.

ఈ మిషను గొప్పతనమంతా దాని నెమ్మదిలోనే ఉంది. కుడిచేత్తో పిడి ఒక చుట్టు తిప్పితే సూది సుమారు మూడుసార్లు దిగుతుంది. ఎడమచెయ్యి గుడ్డను నడుపుతుంది. జాకెట్టు చంక దగ్గర వంపు తిరిగేచోట ఒక్కో కుట్టూ చూసుకుంటూ వెయ్యచ్చు. గుడ్డ జారుడుదై రెండు చేతులూ దానిమీదే ఉండాలంటే పక్కన ఓ పిల్లనో పిల్లాడినో కూర్చోబెట్టి పిడి తిప్పించేవారు. కరెంటు అక్కర్లేదు, బల్ల అక్కర్లేదు, చాప మీద పెట్టుకుంటే చాలు. పండక్కి లంగాలు, చంటిపిల్లల జుబ్బాలు, దిండు గలీబులు అన్నీ దానిమీదే.

సింగర్ కంపెనీ 19వ శతాబ్దంలోనే వాయిదాల పద్ధతి పెట్టి మామూలు సంసారుల ఇళ్లలోకి మిషన్లను చేర్చింది. 1930లలో కలకత్తాలో జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ 'ఉష' మిషన్లు మొదలుపెట్టింది. యంత్రాలంటే పడదని పేరున్న గాంధీజీ సైతం 1924లో కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు.

తుక్కుగా పోవడం ఒక ఎత్తయితే, పుకారుకు బలి కావడం మరో ఎత్తు. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ మిషన్ల సూదుల్లో 'ఎర్ర పాదరసం' అనే ఖరీదైన పదార్థం ఉందని ప్రచారం లేచింది. సెల్‌ఫోను దగ్గర పెడితే సిగ్నల్ పోవాలట, అదీ పరీక్ష! జనం వేల రియాళ్లు పోసి కొన్నారు. అంతా బూటకమని అధికారులు చెప్పాల్సి వచ్చింది. నిజానికి సింగర్ 15, 99 రకాలకు పట్టేది నేటికీ కొట్లో దొరికే మామూలు సూదే.

ఇక సర్కారు సంగతి. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, ఆఖరికి తాళాలు చేసేవాడూ ఉన్నాడు. కుట్టు మిషను బాగుచేసేవాడు మాత్రం లేడు. పనిముట్లకు రూ.15,000 దాకా ఇస్తారు, మంచిదే. ఆ సాయంతో కొన్న మిషనూ ఏదో ఒకరోజు మొరాయిస్తుంది కదా! అప్పుడు మెకానిక్కు కోసం పట్నం మోసుకుపోవాలి. మండలానికి ఇద్దరికి మరమ్మతు నేర్పిస్తే కొత్త మిషన్లు నాలుగు కాలాలు నడుస్తాయి, పాతవీ అటక దిగుతాయి. ఈ పని ఐటీఐలకు అప్పగించవచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు.

ఈలోగా ఇంట్లో చేతి మిషను ఉన్నవారు దాన్ని కిందికి దించండి. కొబ్బరినూనె వెయ్యకండి, గడ్డకట్టి బిగుసుకుపోతుంది. పైనున్న రంధ్రాల్లో మిషను నూనె చుక్కలు వేసి, ఒక రాత్రి ఉంచి, పిడి మెల్లగా తిప్పి చూడండి. అప్పటికీ కదలకపోతే మెకానిక్కును వెతకండి. బండివాడిని మాత్రం పిలవకండి.