లెసోతో శ్రమకు ధర కట్టేదెవరు?

2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ తమ చట్టసభలో ప్రసంగిస్తూ, లెసోతో అనే దేశం పేరు ఎవరూ విని ఎరుగరని ఎద్దేవా చేశారు. మరుసటి నెలలోనే ఆయన ప్రభుత్వం ఆ దేశపు సరకులపై 50 శాతం సుంకం ప్రకటించింది. ఎవరూ పేరు వినని ఆ దేశపు స్త్రీలు కుట్టిన జీన్సు ప్యాంట్లు మాత్రం అమెరికా దుకాణాలలో ఏళ్ల తరబడి అమ్ముడుపోతూనే వచ్చాయి. ఆ దేశం ఎటువంటిదో, దాని పేదరికానికి కారకులెవరో తెలుసుకోవడం శ్రామికులమైన మనకు అవసరం.

లెసోతో నలువైపులా దక్షిణాఫ్రికా ఆవరించి ఉన్న పర్వతరాజ్యం. విస్తీర్ణం 30,355 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 23 లక్షలు. ప్రజలను బసోతోలంటారు, వారి భాష సెసోతో. 1966 అక్టోబరు 4న బ్రిటిష్ పాలన నుంచి విముక్తి పొందింది. రాజు మూడవ లెట్సీ రాజ్యాంగబద్ధుడైన రాజు మాత్రమే. పరిపాలనాధికారం 120 మంది సభ్యులు గల శాసనసభకు జవాబుదారీ అయిన ప్రధానమంత్రిది. మన రైల్వే సోదరులకు ఒక్క సంగతి చెబితే ఆ దేశపు స్థితి వెంటనే బోధపడుతుంది. ఆ దేశంలో ఉన్న రైలుమార్గం మూడు కిలోమీటర్లకు లోపే. 1905లో దక్షిణాఫ్రికా మార్గం నుంచి రాజధాని మసేరు వరకు వేసిన చిన్న శాఖ అది. సరిహద్దు దాటి కొంతదూరం వచ్చి ఆగిపోతుంది.

కొండల దేశం కనుక పేదరికం సహజమేనని వాదించేవారున్నారు. చరిత్ర ఈ వాదాన్ని అంగీకరించదు. 19వ శతాబ్దంలో మొదటి మొష్వేష్వే రాజు చెదిరిన తెగలను కూడగట్టి ఈ జాతిని నిలబెట్టాడు. ఆనాడు బసోతోలు తాము తిని, మిగిలిన ధాన్యాన్ని పొరుగువారికి అమ్మేవారు. కింబర్లీ వజ్రపు గనులలో పనివారి ఆకలి తీర్చిన ధాన్యంలో వారి ధాన్యమూ ఉన్నది. కాని అంతకుముందే బోయర్లతో జరిగిన యుద్ధాలలో కాలెడన్ నదికి పడమటనున్న సారవంతమైన భూములు వారి చేజారిపోయాయి. 1868లో బ్రిటన్ వారిని తన రక్షణ కిందకు తీసుకున్నదే గాని ఆ భూములు తిరిగి రాలేదు. 1885లో కింబర్లీకి రైలు వచ్చింది. రైలుతోపాటు విదేశాల చౌక ధాన్యమూ వచ్చింది. భూమి పోయి, అంగడి పోయి, పైన గుడిసె పన్ను చెల్లించవలసి వచ్చిన రైతుకు గనిలో కూలిపని తప్ప దారి మిగలలేదు. ధాన్యాగారం వంటి దేశం ఈ విధంగా కూలీల కొట్టంగా మారింది.

1980 దశకం చివరినాటికి లక్షకు పైగా బసోతో పురుషులు దక్షిణాఫ్రికా గనులలో పనిచేస్తుండేవారు. దేశ ఆదాయంలో దాదాపు సగం వారి చెమటే. మన దేశంలో తపాలా ఉద్యోగులు మనియార్డరు ద్వారా దశాబ్దాలపాటు చేసిన పనిని అక్కడ గనుల యజమానుల నియామక సంస్థ చేసేది. 1974 చట్టం ప్రకారం కార్మికుని వేతనంలో 60 శాతం స్వదేశపు బ్యాంకులో తప్పనిసరిగా జమ కావలసి ఉండేది. 1995లో వాల్ రీఫ్స్ బంగారు గనిలో ఒక ఇంజను బావిలోకి జారి, కార్మికులున్న లిఫ్టు బోనుపై పడగా 104 మంది మరణించారు. వారిలో లెసోతో వారు అనేకులు. తరువాత బంగారు గనులలో పనులు తగ్గిపోగా, వేలాదిమంది ఊపిరితిత్తులలో సిలికా ధూళితో ఇళ్లకు చేరారు.

శ్రమ తరువాత నీరు. 1986 జనవరిలో జాతివివక్ష ప్రభుత్వం లెసోతో సరిహద్దులను దిగ్బంధించింది. అదే నెల 20న మసేరులో సైనిక కుట్ర జరిగి ప్రభుత్వం కూలింది. అక్టోబరు 24న కొండల నీటిని దక్షిణాఫ్రికాకు తరలించే ఒప్పందంపై సంతకాలయ్యాయి. ఈ వరుసక్రమం చూచినవారికి వేరే వ్యాఖ్య అక్కరలేదు. 185 మీటర్ల ఎత్తుగల కాట్సే ఆనకట్ట లేచింది. 1996లో ఆ పథకంలో సమ్మెకు దిగిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరపగా పలువురు ప్రాణాలు కోల్పోయారు.

మూడవది వస్త్రం. 2000లో అమెరికా చేసిన సుంకరహిత దిగుమతుల చట్టాన్ని నమ్ముకొని వెలసిన ఫ్యాక్టరీలలో వేలాదిమంది, ప్రధానంగా స్త్రీలు, ఉపాధి పొందారు. 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన 50 శాతం సుంకం వాయిదాపడి ఆగస్టులో 15 శాతంగా తేలింది. కాని ఆలోగానే ఆర్డర్లు ఆగాయి, పనులు పోయాయి. జూలైలో ప్రభుత్వం నిరుద్యోగాన్ని జాతీయ విపత్తుగా ప్రకటించవలసి వచ్చింది.

కూలి, నీరు, బట్ట, ఈ మూడింటి ధరలూ దేశం వెలుపలే నిర్ణయమవుతున్నాయి. జెండా, రాజు, శాసనసభ ఉన్నంతమాత్రాన స్వాతంత్ర్యం సంపూర్ణం కాదని లెసోతో రుజువు చేస్తున్నది. అయితే ఈ ప్రజలను కేవలం జాలితో చూడడం పొరపాటు. 1982లో దక్షిణాఫ్రికా గని కార్మికుల జాతీయ సంఘం ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడైన జేమ్స్ మొట్లాట్సీ లెసోతో బిడ్డ. పరాయి దేశస్థుడని కార్మికులు ఆయనను వేరుచేయలేదు. 1987లో ఆ సంఘం నడిపిన మూడువారాల మహాసమ్మెలో పదుల వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నా సంఘం చెదరలేదు. 2019లో సిలికా వ్యాధిగ్రస్తులకు సుమారు 500 కోట్ల రాండ్ల పరిహారపు ఒప్పందాన్ని జోహాన్నెస్‌బర్గ్ న్యాయస్థానం ఆమోదించింది. లెసోతో కార్మికులకూ అందులో హక్కు లభించింది. అదే సంవత్సరం మసేరు బట్టల మిల్లులలో స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టేందుకు సంఘాలు, మహిళాసంస్థలు కలిసి యాజమాన్యంచేత, మూడు అమెరికన్ బ్రాండ్లచేత ఒప్పందాలు చేయించాయి.

ఈ అనుభవం మనకు దూరమైనది కాదు. 2025 ఆగస్టులో మన దేశపు సరకులపై కూడ 50 శాతం సుంకం పడినప్పుడు ఆంధ్ర తీరంలో రొయ్యలు పెంచే రైతు అదే భయాన్ని చవిచూశాడు. పెట్టుబడికి, సుంకానికి సరిహద్దు అడ్డు కానప్పుడు కార్మికుని సంఘానికి మాత్రం సరిహద్దు ఎందుకు అడ్డు కావాలి? మన మహాసభలలో విదేశీ కార్మికులకు సౌహార్ద సందేశాలు చదవడంతో తృప్తిపడరాదు. గని కార్మికుల సంఘం పరాయి దేశపు వలసకూలీని అధ్యక్షస్థానంలో కూర్చోబెట్టింది. మన స్టేషన్లలో, మన తపాలా కార్యాలయాలలో ఊరుగాని ఊరునుంచి వచ్చి పనిచేస్తున్న కాంట్రాక్టు కార్మికుని మనం కనీసం సభ్యునిగానైనా చేర్చుకున్నామా? ప్రతి శాఖాసంఘమూ తన సమావేశంలో ఈ ప్రశ్నను చర్చకు పెట్టాలి.