బంతి ఎవరికి అందించాలి?

మన కళాశాల వార్షిక సంచికను ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు, కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ. రెండు భాషలూ నడుమ ఎక్కడో ఒక పుటవద్ద కలుసుకొంటాయి. అంతవరకు చదువుకొంటూ వచ్చేవారు ఎందరో నాకు తెలియదు. మన క్రీడోత్సవాలలో ఏటేటా జరిగే బాస్కెట్‌బాల్ పోటీ కూడా ఇటువంటిదే. ఉర్దూ విభాగం ఒక జట్టు, తెలుగు విభాగం మరొక జట్టు. ఈ పద్ధతిని మార్చవలసినదని కమిటీ పెద్దలకు విన్నవించుకొనడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఇది నా స్వానుభవం నుండి పుట్టిన అభిప్రాయం. 1989లో నేను పదమూడేళ్ల బాలుడను. పంజాగుట్టలో మా ఇంటికి కొద్ది దూరంలో ఒక బడి మైదానం, అందులో వల ఊడిపోయిన ఒకే ఒక రింగు ఉండేవి. అక్కడనే నాకొక ముస్లిం మిత్రుడు దొరికాడు. వయస్సులో ఏడాది పెద్ద, ఎత్తులో జానెడు ఎక్కువ. బంతిని చూడకుండా నేలకు కొడుతూ పరుగెత్తడం, మనిషి ఉన్నచోటికి కాక చేరబోయే చోటికి బంతిని విసరడం నాకు నేర్పినది అతడే. రెండేళ్లపాటు ప్రతి సాయంత్రమూ మేము అక్కడనే ఉన్నాము.

ఆట ముగిసిన పిదప మంచినీళ్లకు మా ఇంటికి వచ్చేవాళ్లము. మా అమ్మ అతనిని ఆప్యాయంగా పలకరించేది, చదువు సంగతి అడిగేది, అటుకులు కూడా పెట్టేది. కాని అతనికి నీళ్లిచ్చే స్టీలు గ్లాసు మాత్రం వంటింటి గూట్లో విడిగా ఉండేది. ఒకనాడు నేను లోపలినుండి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే అతడు ఆ గ్లాసును తానే తీసుకొని, నీళ్లు త్రాగి, పంపు దగ్గర కడిగి, మళ్లీ అదే గూట్లో బోర్లించి పెడుతున్నాడు. నేను చూశానని అతడూ చూశాడు. ఇద్దరమూ ఏమీ అనుకోలేదు. వారింట్లోనూ ఒక పెద్దాయన నన్ను చూసినప్పుడల్లా ముఖం చిట్లించేవాడు. ఆ పిల్లవాడితో అంత దోస్తీ ఎందుకని అడిగేవాడట. దురభిమానం ఒక్క వంటింటి సొత్తు కాదు.

1990 డిసెంబరులో నగరంలో మతకల్లోలాలు చెలరేగాయి. పాతనగరం కర్ఫ్యూలో మ్రగ్గింది. మా వీధిలో రాయి కూడా పడలేదు. కాని బడులు తెరిచిన తరువాత మైదానంలో మా జట్టువాడే ఒకడు నా మిత్రుని చూసి, 'నీ జట్టు సరిహద్దు అవతల ఉందిరా' అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. కొన్ని నిమిషాల తరువాత అతనిని ఇద్దరు అడ్డగించారు. నేను రింగు క్రింద ఒంటరిగా ఉన్నాను. బంతి నేరుగా నా చేతులలోనికి వచ్చింది. ఇంటికి పోయేటప్పుడు, నాకెందుకిచ్చావని అడిగాను. 'నువ్వు ఖాళీగా ఉన్నావు కదరా, మరెవరికి ఇస్తాను?' అన్నాడు. నవ్వు సంగతి అతడు ఎత్తలేదు, నేను క్షమాపణ చెప్పుకోనూ లేదు.

మరుసటి వేసవిలో వారి అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. మా వీధిలోనే ఒక వాటా ఖాళీగా ఉన్నది. అతని తండ్రిగారితో కలిసి మేమిద్దరమూ వెళ్లాము. ఇంటి యజమాని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, పేరడిగి, 'అయ్యో, నిన్ననే ఎవరికో మాట ఇచ్చేశామండీ' అన్నాడు. టు-లెట్ బోర్డు మరి మూడు వారాలు అక్కడనే వ్రేలాడింది. ఆ యజమాని మా నాన్నగారికి పరిచయస్థుడే. ఒక్క మాట చెప్పమని నేను నాన్నగారిని అడగలేదు. వారు టోలీచౌకీకి వెళ్లిపోయారు. మా సాయంకాలాలు అంతటితో ముగిశాయి.

ఆటస్థలం మనుషులను కలుపుతుందని మన వేదికలమీద తరచుగా చెబుతుంటారు. నేనంత సులువుగా ఒప్పుకొనలేను. 1954లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పదకొండేళ్ల ఈడు బాలురను 22 మందిని శిబిరానికి తీసుకొనివెళ్లి రెండు బృందాలుగా చేశాడు. బేస్‌బాల్, తాడులాగుట వంటి పోటీలు పెట్టగానే, అంతకుముందు ఏ వైరమూ లేని ఆ పిల్లలు ఒకరి జెండాను ఒకరు తగులబెట్టుకొన్నారు. ఒకేచోట భోజనానికి కూర్చోబెడితే అన్నం విసురుకొన్నారు. నిలిచిపోయిన నీటి సరఫరాను కలిసి సరిచేయవలసి వచ్చినప్పుడు, మొరాయించిన లారీని కలిసి లాగవలసి వచ్చినప్పుడు మాత్రమే మెత్తబడ్డారు. ఆ ప్రయోగంలో నిర్వాహకులే నిప్పు రాజేశారని తరువాతివారు విమర్శించారు. నిజమే కావచ్చు. మరి మనమేమి చేస్తున్నాము?

మన హైదరాబాదులోనే ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఉన్నది. వృత్తిచేత ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం, సికింద్రాబాదు చెంత అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ అనే పేద కుర్రవాడి ఆట చూశారు. శిక్షణకు నగరానికి వచ్చే స్తోమత లేదని తెలిసి, సైకిలు అద్దెకు డబ్బు తామే ఇచ్చారని బలరామ్ తరువాత చెప్పుకొన్నారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన రహీం ఫుట్‌బాల్ జట్టులో బలరామ్, పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, జర్నైల్ సింగ్ ఉన్నారు. ఎవరు ఏ విభాగమని రహీం అడిగి ఉంటే ఆ జట్టు ఏర్పడేదే కాదు.

బాస్కెట్‌బాల్‌లోనూ ఒక ఘట్టం ఉన్నది. 1963లో అందరూ శ్వేతజాతీయులే ఉన్న మిసిసిపీ స్టేట్ జట్టు, నల్లజాతివారితో ఆడరాదన్న తమ రాష్ట్రపు అలిఖిత నియమాన్ని ధిక్కరించి, కోర్టు ఉత్తర్వు చేతికందకముందే రాష్ట్రం దాటిపోయి, షికాగోలోని లయోలా జట్టుతో ఆడి 61-51తో ఓడింది. ఆటకు ముందు నాయకులు జో డాన్ గోల్డ్, జెర్రీ హార్క్‌నెస్ చేయి కలిపారు. 2011లో గోల్డ్ మరణించినప్పుడు హార్క్‌నెస్ వెళ్లి చూస్తే, ఆ కరచాలనపు ఫొటో శవపేటిక ప్రక్కన ఉన్నది.

నేను కోరేది చిన్న మార్పే. విభాగాల జట్లు వద్దు. రెండు విభాగాల పేర్లూ ఒకే డబ్బాలో వేసి, చీటీలు తీసి జట్లు కూర్చండి. సాధన పోటీనాడు మొదలుపెట్టడం కాదు, కనీసం రెండు నెలలు ముందుగా ఉండాలి. తన పక్కవాడు ఎటు పరుగెత్తుతాడో తెలియడానికి ఆపాటి కాలం పడుతుంది. అధ్యాపకుల పోటీకి కూడా ఇదే నియమం వర్తించాలి. విద్యార్థులు మనలను చూస్తున్నారు గదా. గెలుపు ఉత్సాహం తగ్గిపోతుందని కొందరు మిత్రులు అంటున్నారు. కొంత తగ్గవచ్చు.

ఈ యేటి పోటీల జాబితా ఇంకా నోటీసు బోర్డుకు ఎక్కలేదు. చీటీలు వ్రాయడానికి ఒక పూట చాలు.